మంచె మీద చలి: వేటకు వెళ్లేవాళ్లు ఉన్ని బట్టలు ఎలా ఎంచుకోవాలి

నవంబరు వస్తే అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ వైపు ఆఫీసుల్లో సెలవు అర్జీలు కుప్పలుగా పడతాయి. అది జింకల వేట సీజన్. మిషిగన్‌లో తుపాకి వేట ఏటా నవంబరు 15న మొదలై 30న ముగుస్తుంది. విస్కాన్సిన్‌లో థాంక్స్‌గివింగ్‌కు ముందొచ్చే శనివారం నుంచి తొమ్మిది రోజులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్న దేశం నుంచి వెళ్లిన మనవాళ్లకు వేట అంటే తాతల కబుర్లలో విన్నదే. అక్కడ మాత్రం లైసెన్సు తీసుకుని, సేఫ్టీ కోర్సు పాసై, తాతా మనవడూ కలిసి వెళ్లే కుటుంబ వ్యవహారం. పక్క సీట్లో పనిచేసే మనిషి "ఈసారి మా డీర్ క్యాంప్‌కి నువ్వూ రా" అంటాడు. సరే అన్నాక మొదలవుతుంది అసలు టెన్షన్: ఏం వేసుకుని వెళ్లాలి?

ఎవర్ని అడిగినా మూడు ముక్కలే చెబుతారు. మెరినో (ఆ జాతి గొర్రెల సన్నటి ఉన్ని) కొనుక్కో. ఉన్ని తడిసినా వెచ్చగానే ఉంటుంది. లోపల, మధ్యన, పైన మూడు పొరలు వేసుకో. మూడింట్లోనూ నిజం ఉంది. కానీ వాటిని అక్షరాలా నమ్మి, మూడు పొరలూ కొని, ఇంటి దగ్గరే అన్నీ తొడుక్కుని కారెక్కినవాడు ఉదయం తొమ్మిదికల్లా పళ్లు టకటక కొట్టుకుంటూ వెనక్కి వచ్చేస్తాడు. వాడికి బట్టలు తక్కువయ్యాయనుకుంటే పొరపాటు. ఎక్కువై, చెమట పట్టి, ఆ చెమటలోనే కూర్చుండిపోయాడు.

నడక ఒక ఎత్తు, కూర్చోవడం ఒక ఎత్తు

మంచు మీద స్కీయింగ్ చేసేవాడు ఎప్పుడూ కదులుతూనే ఉంటాడు. గడ్డకట్టిన చెరువు మీద రంధ్రం చేసి చేపలు పట్టేవాడు ఎప్పుడూ కూర్చునే ఉంటాడు. ఇద్దరికీ బట్టల లెక్క తేలిక. జింకల వేటగాడికి మాత్రం ఒకే పూటలో రెండూ తప్పవు. ఈ రాష్ట్రాల్లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చవచ్చు కాబట్టి, అప్పటికల్లా మంచె మీద ఉండాలి. అంటే చీకట్లోనే బయల్దేరి, తుపాకీ, వీపున సంచీ మోసుకుంటూ, మంచులో అడుగులు దిగబడుతుంటే అరగంటో ముప్పావుగంటో నడవాలి. తర్వాత చెట్టుకు బిగించిన మంచె ఎక్కి, నేలకు నాలుగైదు మీటర్ల ఎత్తున, గాలిలో, మూడు నాలుగు గంటలు బొమ్మలా కూర్చోవాలి. చలేస్తోందని చేతులు రుద్దుకున్నా, కాళ్లు ఆడించినా జింక పసిగట్టేస్తుంది.

ఊరికే కూర్చున్న పెద్దమనిషి ఒంట్లో పుట్టే వేడి సుమారు 100 వాట్లు. పాతకాలపు బల్బు ఒకటి వెలిగినంత. అదే మనిషి బరువుతో మంచులో ఎత్తు ఎక్కుతుంటే 400, 500 వాట్లు పుడుతుంది. నాలుగైదు రెట్ల తేడా. 500 వాట్లకు సరిపడే బట్టలు కూర్చున్నాక చాలవు. 100 వాట్లకు సరిపడే బట్టలు నడిచేటప్పుడు తడి ముద్ద చేస్తాయి. ఒకే కట్టుతో రెండూ సాధించే గుడ్డ ఉన్నితో సహా ఏదీ లేదు.

కాబట్టి ఏ పొర ఏ బ్రాండ్‌ది అనే చర్చకు ముందే ఒకటి తేల్చుకోవాలి: దళసరి పొర ఒంటి మీద కాదు, వీపున సంచీలో వెళ్లాలి. కారు దిగినప్పుడు చలిగా అనిపించాలి, పది నిమిషాల నడకకు హాయిగా ఉండాలి. నుదుట తడి తగిలితే అడుగు నెమ్మదించాలి, మెడ దగ్గర జిప్పు దించాలి, టోపీ తీసి జేబులో పెట్టాలి. పదిహేను నిమిషాలు ముందుగా బయల్దేరి నింపాదిగా నడవడం రెండు వందల డాలర్ల చొక్కా కంటే ఎక్కువ పని చేస్తుంది. మంచె దగ్గరికి చేరాక, ఒంటి ఆవిరి తగ్గేదాకా కాసేపు ఆగి, అప్పుడు సంచీ విప్పాలి.

సంచీలో దళసరి పొర ఉండి తీరాలనడానికి ఇంకో కారణం ఉంది. 1940 నవంబరు 11న, మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన రోజుకు గుర్తుగా ఇచ్చే ఆర్మిస్టిస్ డే సెలవు రోజు, మిసిసిపీ నది ఎగువన లంకల్లోకి ఎంతోమంది బాతుల వేటకు వెళ్లారు. పొద్దున వాతావరణం ఆ కాలానికి మించి వెచ్చగా ఉండటంతో చాలామంది పలుచటి బట్టల్లోనే వెళ్లారు. చూస్తుండగానే వాన, ఆపై మంచు, ఈదురుగాలి. పడవలు వెనక్కి రాలేనంత అలలు లేచాయి. ఒక్క మిన్నెసోటాలోనే ఆ తుపానులో 49 మంది చనిపోయారు. అందులో సగం మంది దాకా బాతుల వేటగాళ్లే. మర్నాడు వినోనా ఊరి పైలట్ మాక్స్ కాన్రాడ్ చిన్న విమానంలో లంకల మీద తక్కువ ఎత్తున తిరుగుతూ బతికినవాళ్లను వెతికాడు. అక్కడివాళ్లు ఇప్పటికీ నవంబరు వేట అనగానే ఆ రోజును తలుచుకుంటారు. ముందు తడిశారు, ఆ తడి మీద గాలి కొట్టింది, ఆ పైన చలి పెరిగింది. వరస అదే.

"తడిసినా వెచ్చన" ఎంతవరకు?

ఉన్ని కెరటిన్ అనే ప్రొటీన్. మన జుట్టు, గోళ్లు కూడా అదే. పోగు పైన చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది, అది నీటి చుక్కను జారవిడుస్తుంది. లోపలి భాగం మాత్రం ఆవిరిని పీల్చుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు తన బరువెంతో, దాదాపు అందులో మూడో వంతు తేమను ఉన్ని లోపలికి తీసుకోగలదు, అప్పటికీ చేతికి పెద్దగా తడి తగలదు. పాలిస్టర్ పోగు ఒక శాతం కూడా తీసుకోదు. అందుకే పాలిస్టర్ బనియను వేసుకుంటే చెమట పట్టిన మరుక్షణం ఒంటికి జిగురుగా తెలుస్తుంది, ఉన్నిలో ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

పత్తి కూడా నీళ్లు బాగానే పీలుస్తుంది కదా, మరి దానికెందుకు అంత చెడ్డపేరు? బట్టలో వెచ్చదనం పోగులది కాదు, పోగుల మధ్య చిక్కుకున్న గాలిది. తడిసిన పత్తి మెత్తబడి, చతికిలబడి, ఒంటికి అతుక్కుపోతుంది. గాలి ఉండాల్సిన చోట నీరు చేరుతుంది. నీరు గాలి కంటే పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని పోగుకు పుట్టుకతో మెలికలుంటాయి. తడిసినా ఆ మెలికలు చాలావరకు నిలబడి, గుడ్డను ఒంటి నుంచి కాస్త ఎత్తి పడతాయి. గాలి కొంతైనా మిగులుతుంది. "తడిసినా వెచ్చన" అన్న మాట వెనకున్న అసలు సంగతి ఇది.

ఇంకోటి కూడా చెబుతారు: ఆవిరిని పీల్చుకునేటప్పుడు ఉన్ని వేడిని విడుదల చేస్తుందని. అది కూడా నిజమే, భౌతికశాస్త్రం ఒప్పుకున్న సంగతే. కానీ ఆ వేడి పీల్చుకుంటున్నంతసేపే. ఆరేటప్పుడు తీసుకున్నదంతా తిరిగి అడుగుతుంది. పొడి బట్టతో తేమ గాలిలోకి అడుగుపెట్టిన మొదటి నిమిషాల్లో ఉపయోగం, నాలుగో గంటలో కాదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక మెరినో లోచొక్కా బరువు 250 గ్రాములనుకోండి. మూడో వంతు అంటే 80 గ్రాములకు కాస్త పైన తేమ పట్టుకుంటుంది. నిండా బట్టలేసుకుని, బరువు మోస్తూ నడిచే మనిషికి గంటకు అర లీటరు చెమట పట్టడం మామూలే. అరగంట నడకకు పావు లీటరు. అందులో కొంత ఆవిరై బయటకు పోతుంది, అయినా చొక్కా తాహతు దాటిపోయినట్టే. ఆ గీత దాటాక ఉన్ని కూడా తడి గుడ్డే, పైగా పాలిస్టర్ కంటే నెమ్మదిగా ఆరే తడి గుడ్డ. ఉన్ని చిన్న తప్పుల్ని కాస్తుంది. పెద్ద తప్పుల్ని కాయదు.

ఈ మాట మన గొర్రెల కాపరులకు చెప్పాల్సిన పని లేదు. తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రె ఉన్నితో నేసే గొంగడికి చింతగింజల గంజి పట్టిస్తారు. వానలో దాన్ని తలమీదుగా కప్పుకుని నిలబడితే నీళ్లు చాలాసేపు పైనుంచే జారిపోతాయి. ముతక ఉన్ని, గట్టి నేత, గంజి మూడూ కలిసి చేసే పని అది. అయితే అదే గుడ్డతో బనియను కుట్టించుకుని నాలుగు గంటలు కూర్చోమంటే ఎవరైనా పారిపోతారు. పైన కప్పుకునే ఉన్ని వేరు, ఒంటికి తగిలే ఉన్ని వేరు. దుకాణంలో రెండింటికీ "100% ఉన్ని" అనే చీటీయే ఉంటుంది.

ఒంటికి తగిలే పొర

తేడా అంతా పోగు సన్నదనంలో ఉంది. దాన్ని మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. మన వెంట్రుక 50 నుంచి 100 మైక్రాన్ల దాకా ఉంటుంది. లోపొరకు వాడే మెరినో 17 నుంచి 19 మైక్రాన్లు. పోగు 30 మైక్రాన్లు దాటితే దాని కొస వంగకుండా చర్మాన్ని గుచ్చుతుంది. ఆ గుచ్చుకోవడాన్నే మనం ఉన్ని దురద అంటాం. చాలామంది అలర్జీ అనుకునేది నిజానికి ఈ మొద్దు కొసల పొడుపే. చిన్నప్పుడు వేసుకున్న స్వెట్టర్ గుర్తొచ్చి ఉన్నికి దూరంగా ఉండేవాళ్లు ఒక్కసారి 18 మైక్రాన్ల చొక్కా మెడకు తగిలించి చూడండి.

రెండో అంకె జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందన్నది. 150 పలుచన, 200 మధ్యస్థం, 250 పైన దళసరి. చలి అనగానే అందరి చెయ్యీ 250 మీదికి పోతుంది. నా మాట వింటే నడక ఎక్కువగా ఉన్నవాళ్లు 150, 200 మధ్య తీసుకోండి. దళసరి లోపొర చెమటను ఎక్కువగా పట్టుకుని ఆలస్యంగా ఆరుతుంది, పైగా మధ్యలో తీయడానికి కుదరనిది అదొక్కటే. కారు నుంచి వంద అడుగుల్లో మంచె ఉంటే 250 వేసుకున్నా ఇబ్బంది లేదు. మెడ దగ్గర జిప్పు ఉన్నదే కొనాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ జిప్పే కిటికీ.

పలుచటి నూరు శాతం మెరినోకు ఆయుష్షు తక్కువ. సంచీ పట్టీలు రాసుకునే భుజాల దగ్గర, మోచేతుల దగ్గర ముందు చిల్లులు పడతాయి. పదో పదిహేనో శాతం నైలాన్ కలిపినవి ఎక్కువకాలం వస్తాయి, ఒంటికి పెద్ద తేడా తెలియదు. "ప్యూర్ కాదు" అని వాటిని పక్కన పెట్టేయడం అనవసరపు పట్టింపు.

అసలు పట్టింపు ఉండాల్సింది వేరే చోట. లోపల కాటన్ డ్రాయరు, కాటన్ బనియను ఉంచుకుని దాని మీద 17.5 మైక్రానా 18.5 మైక్రానా అని వాదించుకోవడం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టే. ఒంటికి మొదట తగిలేది కాటనైతే పైన ఎన్ని పొరలున్నా చెమట అక్కడే ఆగిపోతుంది. జీన్స్ గురించి చెప్పనే అక్కర్లేదు. ఒకసారి తడిస్తే ఆ పూటకిక ఆరదు.

నార్వేవాళ్లది ఇంకో దారి. 1933లో హెన్రిక్ బ్రున్ అనే సైనికాధికారి హెర్రింగ్ చేపల వలతో బనియను చేయించాడు. వల కన్నాల్లో గాలి నిలుస్తుంది, చెమట అక్కణ్నుంచి పై పొరలోకి పోతుంది, ఒంటికి తడి గుడ్డ తగలదు. 1953లో ఎవరెస్ట్ ఎక్కిన బృందం కూడా వల బనియన్లు వాడింది. ఇప్పుడు మెరినోతో చేసినవి దొరుకుతున్నాయి. వేసుకుని అద్దంలో చూసుకుంటే నవ్వొస్తుంది గానీ, విపరీతంగా చెమట పట్టేవాళ్లకు ఇంతకంటే మంచి లోపొర నేను చూడలేదు.

నడకలో తడిసిపోతామని ముందే తెలిసినవాళ్లకు ఒక మొరటు ఉపాయం ఉంది: పొడి లోచొక్కా ఒకటి కవర్లో చుట్టి తీసుకెళ్లడం. చెట్టు కింద చీకట్లో నిమిషంపాటు చొక్కా విప్పి నిలబడాలి. ఆ నిమిషం మాత్రం నరకమే. తర్వాతి నాలుగు గంటలు మాత్రం దాని ఫలితం అనుభవిస్తారు.

మధ్య పొరలో ఉన్నిదే రాజ్యం కాదు

ఇక్కడ పెద్ద చిక్కుముడి ఏమీ లేదు. గాలిని పట్టి ఉంచేది ఏదైనా పనికొస్తుంది. స్వీడన్‌లో ఓస్టర్‌సుండ్ ఊళ్లో తయారయ్యే వూల్‌పవర్ వాళ్ల ఉల్‌ఫ్రొట్టే గుడ్డ పేరున్నది. 1970లలో స్వీడిష్ సైన్యం అవసరాల కోసం పుట్టిన నేత అది, లోపలివైపు టర్కీ తువ్వాలులా ఉచ్చులుంటాయి. 400 జీఎస్‌ఎం రకం కూర్చునే వేటకు చక్కగా సరిపోతుంది. సైన్యం వదిలేసిన పాత ఉన్ని స్వెట్టర్లు సర్‌ప్లస్ దుకాణాల్లో చవకగా దొరుకుతాయి, అవీ తీసిపోవు.

ఫ్లీస్, అంటే పాలిస్టర్‌తో చేసిన నూగు గుడ్డ, వేసుకుంటే తప్పేం లేదు. తేలిక, తొందరగా ఆరుతుంది, సగం ధర. బాతు ఈకల జాకెట్టు బరువుకు తగ్గ వెచ్చదనంలో ఉన్నిని ఓడిస్తుంది. కదలకుండా కూర్చునేవాడికి సంచీలో అదొకటి ఉంటే ప్రాణం లేచొస్తుంది. కాకపోతే దాని నైలాన్ గుడ్డ కదిలినప్పుడల్లా చప్పుడు చేస్తుంది, తడిస్తే ఈకలు ముద్దగట్టి ఎందుకూ పనికిరావు. అందుకే దాన్ని ఉన్ని కోటు కింద వేసుకోవడం మేలు. కోటు ఆ మేరకు వదులుగా ఉండాలి. కొనేటప్పుడు టీషర్టు మీద కాకుండా, లోపలివన్నీ తొడుక్కుని, రెండు చేతులూ ముందుకు చాచి, తుపాకీ భుజానికి ఆనించినట్టు పట్టి చూసుకోవాలి. బిగుతు బట్టలో గాలికి చోటుండదు, చోటు లేకపోతే వెచ్చదనమూ ఉండదు.

పైన వేసుకునేది: చప్పుడు, గాలి, రంగు

వేటలో ఉన్ని ఇంకా నిలబడి ఉండటానికి అసలు కారణం వెచ్చదనం కాదని నా నమ్మకం. చప్పుడు చేయకపోవడం. చలికి నైలాన్ గుడ్డ బిరుసెక్కుతుంది. తెల్లవారుజామున అడవి నిశ్శబ్దంలో చెయ్యెత్తితే సరసర మంటుంది, ఎండుకొమ్మ రాసుకుంటే గీరిన శబ్దం వస్తుంది. దట్టమైన ఉన్ని కోటు మీద కొమ్మ రాసుకున్నా నూగు ఆ శబ్దాన్ని మింగేస్తుంది. ముప్ఫై అడుగుల దూరంలో జింక చెవులు తిప్పుతూ నిలబడ్డప్పుడు ఈ తేడా విలువ తెలుస్తుంది.

అమెరికా ఉత్తరాది అడవుల్లో ఈ కోటుకు మాకినా అని పేరు. 19వ శతాబ్దం తొలినాళ్లలో, గ్రేట్ లేక్స్ దగ్గరి బ్రిటిష్ స్థావరంలో సైనికుల కోట్లకు గుడ్డ లేక ఉన్ని దుప్పట్లనే కత్తిరించి కుట్టించారట. ఆ దుప్పటి కోటే కలప కూలీలకు, ఆ తర్వాత వేటగాళ్లకు చేరింది. 1830లో పెన్సిల్వేనియాలో మొదలైన వుల్‌రిచ్, 1842లో వెర్మాంట్‌లో మొదలైన జాన్సన్ వులెన్ మిల్స్, 1897లో సియాటిల్‌లో మొదలైన ఫిల్సన్ దాని మీదే పేరు తెచ్చుకున్నాయి. ఫిల్సన్ కంపెనీ పెట్టిన ఫిల్సన్ తన క్రూజర్ కోటుకు 1914లో పేటెంట్ కూడా తీసుకున్నాడు. ఎరుపూ నలుపూ గళ్ల కోటుతో కనిపించే పాతకాలపు వేటగాడి బొమ్మ ఇక్కడి నుంచి వచ్చిందే.

ఆ గళ్ల కోటు మీద మోజుతో అదొక్కటే వేసుకుని వెళ్లకండి. చట్టం ఒప్పుకోదు. విస్కాన్సిన్‌లో 1945లో ఎరుపు తప్పనిసరి చేశారు, 1980 నుంచి మెరిసే నారింజ రంగు. ఇప్పుడు నడుము పైన వేసుకునే పైబట్టలో కనీసం 50 శాతం ఆ రంగులో ఉండాలి, టోపీ పెట్టుకుంటే దానికీ అదే నియమం. 2016 నుంచి మెరిసే గులాబీ రంగును కూడా అనుమతించారు, అలా చేసిన మొదటి రాష్ట్రం అదే. మిన్నెసోటాలోనూ రెండు రంగులూ చెల్లుతాయి. మనకు కళ్లు మిరుమిట్లు గొలిపే ఆ నారింజ రంగు జింకకు మనలా కనపడదు. ఎరుపును గుర్తించే కణాలు దాని కంట్లో లేవు. నీలం, అతినీలలోహిత వైపు మాత్రం మనకంటే బాగా చూస్తుంది. ఉన్ని కోటు మీద వదులైన నారింజ వెస్టు తొడిగితే పని అయిపోతుంది. ఆ వెస్టు కూడా ప్లాస్టిక్ లాంటిది కాకుండా మెత్తటి గుడ్డది చూసుకోండి, లేకపోతే నిశ్శబ్దం కోసం ఉన్ని కొన్న డబ్బు గంగలో పోసినట్టే.

ఉన్ని కోటు బలహీనత గాలి. చొక్కాలా కనిపించే వదులు నేతలో నుంచి గాలి సూదుల్లా దూసుకొస్తుంది, మంచె మీద ఇంకా ఎక్కువ. ఆస్ట్రియా వైపు లోడెన్ అనే గుడ్డ ఉంది. ఉన్నిని వేడి నీళ్లలో నలిపి, కుంచింపజేసి, పోగులు ఒకదానిలో ఒకటి పెనవేసుకునేలా చేస్తారు. నేత కనపడనంత దట్టంగా తయారవుతుంది, గాలినీ తుంపరనూ బాగా ఆపుతుంది. అది దొరకనప్పుడు, లేదా జేబు ఒప్పుకోనప్పుడు చేసే పని ఒకటుంది: గాలి చొరని పలుచటి నైలాన్ జాకెట్టును ఉన్ని కోటు మీద కాకుండా కింద వేసుకోవడం. గాలి అక్కడ ఆగుతుంది, చప్పుడు ఉన్ని కిందే ఉండిపోతుంది. సన్నటి విండ్‌చీటర్ చాలు, బిరుసైన రెయిన్‌కోటు వద్దు.

ఉన్ని ఓడిపోయే రోజులూ ఉంటాయి. సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ ఉండి, రోజంతా సన్నటి వాన పడుతుంటే దళసరి కోటు నీళ్లు తాగి తాగి భుజాలు లాగేస్తుంది, రాత్రికి క్యాబిన్‌లో పొయ్యి దగ్గర వేలాడదీసినా తెల్లారేసరికి ఆరదు. అలాంటి రోజు కోటు మీద రెయిన్‌జాకెట్టు వేసుకుని చప్పుడు సంగతి వదిలేయాలి. మైనస్ 10 డిగ్రీల పొడి చలిలో, పొడి మంచు కురుస్తుంటే మాత్రం ఉన్నికి ఎదురులేదు. పడ్డ మంచును దులిపేసుకుంటే చాలు. క్యాంపులో కట్టెల పొయ్యి దగ్గర నిప్పురవ్వ పడ్డా ఉన్ని కరగదు, మసిబారి ఆగిపోతుంది. ఫ్లీసైతే చిల్లు పడి ఒంటికి అంటుకుంటుంది.

మంచె ఎక్కేవాళ్లకు ఒక జాగ్రత్త. పడిపోకుండా కట్టుకునే సేఫ్టీ హార్నెస్‌ను దళసరి కోటు మీద బిగిస్తే కోటులోని గాలంతా నొక్కుకుపోతుంది, వదులుగా కడితే ప్రాణానికే ముప్పు. మధ్య పొర మీద హార్నెస్ బిగించి, పైన కోటు వేసుకుని, వెనకవైపు చీలికలోంచి తాడు బయటికి తీయడం సరైన పద్ధతి. ఆ చీలిక ఉన్న కోట్లు దొరుకుతాయి. లేనిదానికి టైలర్ చేత పెట్టించుకోవచ్చు. నేల నుంచి కాలు లేచిన క్షణం నుంచి తాడు చెట్టుకు తగిలించే ఉండాలి. కోటు వేసుకోవడానికి మంచె మీద ఒక్క క్షణం కూడా దాన్ని విప్పకూడదు.

కాళ్లు ముందు ఓడిపోతాయి

చాలామందిని మంచె దింపేది వీపు చలి కాదు, కాలివేళ్లు. దానికి ఎక్కువ సార్లు కారణం సాక్స్ తక్కువవడం కాదు, ఎక్కువవడం. రెండు జతల దళసరి ఉన్ని సాక్స్ వేసుకుని మామూలు బూటులో కాలు కుక్కితే రక్తం ఆడదు. వేళ్లు బూటు లోపల స్వేచ్ఛగా కదలాలి. ఒక దళసరి జత, కావాలంటే దాని కింద పలుచటిది ఒకటి. బూటు ఒక సైజు పెద్దది. లోపల మందపాటి ఉన్ని ఫెల్ట్ తొడుగు ఉండే రబ్బరు అడుగు బూట్లను ప్యాక్ బూట్స్ అంటారు, కూర్చునే వేటకు అవే. వాటిలో దూరం నడిస్తే పాదాలు చెమటతో ఉడుకుతాయి. అందుకని నడకకు తేలిక బూట్లు వేసుకుని, పెద్దవి సంచీకి కట్టుకుని వెళ్లేవాళ్లున్నారు. అంత చేయలేకపోతే కనీసం మంచె ఎక్కే ముందు సాక్స్ మార్చండి. రాత్రి ఫెల్ట్ తొడుగును బూటు నుంచి బయటికి తీసి ఆరబెట్టాలి. లోపలే ఉంచితే రోజంతా పట్టిన చెమట మర్నాడు మంచై పలకరిస్తుంది.

చేతులకు దళసరి గ్లౌజులు వేసుకుంటే ట్రిగ్గర్ తెలియదు. పలుచటి ఉన్ని గ్లౌజులు వేసుకుని, పొట్ట మీద కట్టుకునే గొట్టం లాంటి మఫ్‌లో చేతులు దూర్చుకోవడం మంచిది. తలకు ఉన్ని టోపీ, మెడకు ఉన్ని పట్టీ. మెడ పట్టీని ముక్కు మీదికి లాక్కుంటే ఊపిరి ఆవిరి కళ్లద్దాల మీద, తుపాకీకి గురి చూసే స్కోప్ మీద గడ్డకడుతుందని గుర్తుంచుకోండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

ఒకేసారి అన్నీ కొత్తవి కొంటే చేతి చమురు బాగానే వదులుతుంది. మొదటి డాలర్లు సాక్స్‌కి, బూట్లకి. తర్వాత మంచి లోపొర రెండు జతలు, ఇవి రోజూ ఆఫీసుకు వేసుకున్నా పనికొస్తాయి. మధ్య పొర ఇంట్లో ఉన్న ఫ్లీసో స్వెట్టరో చాలు. పై కోటు మాత్రం సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. ఉత్తరాది ఊళ్లలో పెద్దవాళ్ల సామాను అమ్మే సేల్స్‌లో పాత మాకినా కోట్లు, ఉన్ని ప్యాంట్లు తరచూ కనిపిస్తాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుని పురుగు కొట్టిన చిల్లులున్నాయేమో చూడండి, చంకలు, జేబు అంచులు నలిపి చూడండి. వేట నచ్చకపోతే ఆ కోటు వేసుకుని డ్రైవ్‌వేలో మంచు తోడుకోవచ్చు.

ఉతకడం, దాచడం

ఉన్ని ప్రొటీన్ అని చెప్పుకున్నాం కదా. మామూలు డిటర్జెంట్లలో రక్తం, గుడ్డు లాంటి మరకలు పోవడానికి ప్రొటీన్‌ను కరిగించే ఎంజైములు కలుపుతారు. అవి మరకనూ ఉన్నినీ తేడా లేకుండా తింటాయి. తెల్లదనం కోసం కలిపే బ్రైటెనర్లు అతినీలలోహిత కాంతిలో మెరుస్తాయి, జింక చూపు గురించి చెప్పుకున్నాక అవెందుకు వద్దో వేరే చెప్పక్కర్లేదు. ఉన్నికని అమ్మే సబ్బు, చల్లటి నీళ్లు, నలపకుండా ముంచి తీయడం. వేడి, తడి, రాపిడి మూడూ కలిస్తే పొలుసులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని చొక్కా పిల్లల సైజుకు దిగిపోతుంది. లోడెన్‌ను కావాలని తయారు చేసే పద్ధతే డ్రయ్యర్‌లో ప్రమాదవశాత్తూ జరుగుతుందన్నమాట. 'సూపర్‌వాష్' అని రాసి ఉన్నవాటికి పొలుసుల పదును ముందే తీసేసి ఉంటారు కాబట్టి మెషీన్‌లో వేయొచ్చు. తడి ఉన్నిని తీగ మీద వేలాడదీస్తే సాగిపోతుంది, తువ్వాలు మీద పరిచి ఆరబెట్టాలి. అయినా ఉన్నిని మాటిమాటికీ ఉతకక్కర్లేదు, చెమట వాసనను పాలిస్టర్ కంటే బాగా దాచుకుంటుంది. రాత్రి గాలికి వేస్తే చాలు.

వాసనలు దాచుకునే ఆ గుణమే మన ఇళ్లలో సమస్య. ఇంగువ తాలింపు, వేయించిన మెంతులు, చేపల పులుసు, అన్నీ ఆ కోటులోకి ఎక్కుతాయి. గాలి వాలు తప్పితే జింక మనిషిని ఎలాగూ పసిగడుతుంది, ఏ గుడ్డా ఆపలేదు. అలాగని పోపు వాసనతో అడవికి వెళ్లాల్సిన పని కూడా లేదు. సీజన్ అంతా బట్టలు గరాజ్‌లో మూతబిగువు డబ్బాలో ఉంచి, అడవి దగ్గరే తొడుక్కుంటారు అక్కడివాళ్లు.

సీజన్ అయ్యాక దాచేటప్పుడు అలవాటు కొద్దీ కలరా ఉండలు వేయకండి, ఆ ఘాటు మరుసటి నవంబరుకూ వదలదు. పురుగు ఉన్నిని తినేది లార్వా దశలో, అదీ చెమట, జిడ్డు మరకలున్న చోట ముందుగా. శుభ్రంగా ఉతికి, పూర్తిగా ఆరాక, కవర్లో కట్టి వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీయండి. ఆ తర్వాత గాలి చొరని డబ్బాలో పెట్టి మూత బిగిస్తే సరి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కోటునైతే మిగతా ఉన్ని బట్టలున్న అల్మరాలోకి రానిచ్చే ముందే ఈ పని చేయాలి.